సాంగ్షాక్ 1944: దూకని పారాచూట్ దళాన్ని డయోరమాలో ఎలా చూపించాలి?

గోదారిగట్టు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. 1944 మార్చిలో మణిపూర్ కొండల్లోని సాంగ్షాక్ వద్ద 50వ భారత పారాచూట్ బ్రిగేడ్ జపాన్ సేనతో చేసిన పోరాటం మీద 1/35 స్కేలులో (అసలులో 35వ వంతు) ఒక డయోరమా, అంటే బొమ్మలతో చేసే దృశ్య నమూనా, మొదలుపెట్టాను. పారాచూట్ సైనికులంటే చాలామంది ఐరోపాలోని నార్మండీయో ఆర్న్‌హెమ్మో చేస్తారు. మన నేల మీద, మనవాళ్లు పోరాడిన ఈ యుద్ధాన్ని చేసినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు, అందుకే దీన్ని ఎంచుకున్నాను. 152వ భారత బెటాలియన్ నుంచి నలుగురు, 153వ గోర్ఖా బెటాలియన్ నుంచి ఇద్దరు, ఒక బ్రెన్ గన్ (తేలికపాటి మెషిన్ గన్). బేస్ 30 × 25 సెం.మీ.

అయితే ఈ బ్రిగేడ్ అక్కడ విమానాల నుంచి దూకలేదు, నేల మీద కాల్బలంలాగే పోరాడింది. బొమ్మలు చూసిన మిత్రులందరూ వీళ్లు పారాచూట్ సైనికులని ఎలా తెలుస్తుందని అడుగుతున్నారు. డెనిసన్ స్మాక్ (పారాచూట్ సైనికుల మచ్చల పైచొక్కా) తొడిగి, మెరూన్ బెరే (వాళ్ల ముదురు ఎరుపు గుడ్డ టోపీ) పెట్టి, వెనుక విచ్చుకున్న పారాచూట్ ఒకటి దించితే బాగుంటుందా? కందకాలు ఎంత లోతున తవ్వాలో, నేలను దేనితో చేయాలో కూడా దయచేసి చెప్పండి.

మట్టిబొమ్మ:
గోదారిగట్టు గారూ, మంచి విషయం ఎంచుకున్నారు. ముందు దుస్తుల సంగతి. డెనిసన్ స్మాక్ అనగానే మనసులో మెదిలేది ఐరోపా రంగం. ఈ కొండల్లో పోరాడిన బ్రిగేడ్‌కు జంగిల్ గ్రీన్ దుస్తులు, 1937 నమూనా పటకాలు, సంచులు వేయడమే సరైనదని నా అభిప్రాయం. ఫిరంగి గుళ్లు పడుతున్న చోట బెరే కన్నా ఉక్కు టోపీయే నప్పుతుంది. గోర్ఖాల నడుముకు కుక్రీ తప్పనిసరిగా ఉండాలి; ప్లాస్టిక్ షీటు ముక్కను అరగదీసి, ఒరను ఎం-సీల్‌తో మలిస్తే సరిపోతుంది. ఐరోపా రంగానికి చేసిన కిట్లలో సాధారణంగా నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలే వస్తుంది, కాబట్టి మొద్దు మూతి ఉన్న దాని పాత రకం ఎస్.ఎం.ఎల్.ఇ. రైఫిళ్లను విడిగా సంపాదించండి.

ఇక కందకం. ఈ యుద్ధం కథంతా అందులోనే ఉందని నేను నమ్ముతాను. సాంగ్షాక్ ఒక నాగా గ్రామం, కొండ నెత్తిన ఉంటుంది. అక్కడ మూడడుగులు తవ్వేసరికి గట్టి రాయి తగిలేది. చుట్టూ వేయడానికి ముళ్లకంచె కూడా లేదు. మన స్కేలులో మూడడుగులంటే 26 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక అంగుళం థర్మకోల్ షీటు మందం. అయిదున్నర అడుగుల మనిషి 48 మిల్లీమీటర్లు ఉంటాడు. మీ బొమ్మను ఆ గుంతలో నిలబెట్టి చూడండి, నడుము పైభాగమంతా బయటే ఉంటుంది. కాబట్టి నిలబడి కాల్చే భంగిమలు పనికిరావు. మోకాళ్లు, నడుము కోసి, లోపల తీగ పెట్టి వంచి, సందులను పుట్టీతో నింపి, అందరినీ కుదించి కూర్చోబెట్టాలి. ఆ ఇరుకు కంటికి కనబడితే ఏ బ్యాడ్జీ అక్కర్లేదు. గుంత అడుగును మట్టితో కాకుండా పగిలిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలకలతో చేసి, బూడిద రంగు వేసి, అంచులకు మాత్రం జల్లించిన మట్టిని నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అంటించండి. మార్చి నెల కదా, వానలు ఇంకా మొదలు కాలేదు. గడ్డి కోసం కొబ్బరి పీచును ఎండుగడ్డి రంగులోనే ఉంచేయండి.

తూరుపుకొండ:
మట్టిబొమ్మ గారు చెప్పినదంతా ఒప్పుకుంటూనే పారాచూట్ గురించి నా మాట చెబుతాను. దాన్ని తీసేయకండి, కానీ సైనికుడు దిగిన పారాచూట్‌గా చూపించకండి. సైనికులు దూకే ఎక్స్-టైప్ పారాచూట్ గొడుగు వ్యాసం 28 అడుగులు. 1/35లో అది 24 సెంటీమీటర్లు దాటుతుంది, మీ బేస్‌లో చాలా భాగాన్ని కప్పేస్తుంది. పైగా అది జరగని విషయం.

జరిగిన విషయం ఇంతకంటే బలమైనది. మార్చి 19న 152వ బెటాలియన్‌కు చెందిన సి కంపెనీ పటంలో 7378 గుర్తు ఉన్న గుట్ట మీద జపాన్ సేనను ఎదుర్కొని, మర్నాటికల్లా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత బ్రిగేడ్ సాంగ్షాక్ చేరి 26వ తేదీ రాత్రి వరకు నిలిచింది. నీటికి కటకట, మందుగుండుకు కటకట. డకోటా రవాణా విమానాలు పారాచూట్లతో సామాగ్రి వదిలాయి. నిలిచిన జాగా మరీ చిన్నది కావడంతో అందులో చాలా భాగం జపాన్ వాళ్ల చేతుల్లోనే పడింది. శిక్షణలో ఎన్నోసార్లు విమానంలోంచి దూకిన మనుషులు, తమకోసం వచ్చిన పారాచూట్లు అవతలి వాలులోకి కొట్టుకుపోతుంటే కందకంలోంచి చూస్తూ ఉండిపోయారు. మీ మిత్రుల ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

కాబట్టి బేస్ ఒక మూలను కిందికి వాల్చి, ఆ వాలు అంచున కుప్పకూలిన గొడుగు ఒకటి, సగం గుడ్డ బేస్ దాటి కిందికి వేలాడేలా పెట్టండి. ఆరుగురిలో ఒక్కరి చూపు మాత్రమే అటు ఉండాలి. అందరూ చూస్తే నాటకంలా ఉంటుంది. గుడ్డకు పలుచని టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి, ముడతలు ఆరకముందే వేళ్లతో సర్దుకోవాలి. తాళ్లకు కుట్టుదారం వాడితే నూగు పెద్దదిగా కనిపిస్తుంది. మైనం ముద్ద మీదుగా రెండుసార్లు లాగితే అది అణిగిపోతుంది.

ఉక్కునగరం:
ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. ఆ రాతినేలలో చనిపోయిన మనుషులను, కంచర గాడిదలను పూడ్చడానికి వీల్లేకపోయింది. కొంచెం కష్టంగానే చెబుతున్నాను, ఇది లేకుండా చేస్తే సాంగ్షాక్ శుభ్రమైన విన్యాసంలా కనిపిస్తుంది. రక్తం, గాయాలు వద్దు. కందకం వెనుక దుప్పటి కప్పిన ఒక ఆకారం, దాని పక్కన బోర్లించిన ఖాళీ నీళ్ల సీసా చాలు. పర్వత ఫిరంగిదళం కంచర గాడిదల మీదే ఫిరంగులు మోసుకొచ్చింది గనుక, బరువు దించిన జీను ఒకటి ఎక్కడైనా పడి ఉంటే ఆ సంగతి చెప్పినట్టవుతుంది. గ్రామంలో చర్చి ఉన్న మూలలో చివరి రోజు పోరు చాలా భీకరంగా సాగింది, కానీ మీ బేస్ కొలతకు భవనం పెట్టకండి, మనుషులు చిన్నబోతారు.

గోదారిగట్టు:
మీ ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి అంగుళం షీటులో గుంత కోసి బ్రెన్ గన్ బొమ్మను నిలబెట్టి చూశాను. మట్టిబొమ్మ గారు చెప్పినట్టే నడుము దాకా బయటకు కనిపించాడు. వెంటనే మోకాళ్ల దగ్గర కోసేశాను. స్మాకులు, బెరేలు పక్కన పెట్టేశాను. ఉక్కునగరం గారు చెప్పిన దుప్పటి ఆకారం పెడతాను, సీసాతో సహా. తూరుపుకొండ గారూ, అటు చూసేవాడిగా గోర్ఖాలలో చిన్నవాడిని ఎంచుకున్నాను. మెడను పావు వంతు తిప్పి అతికించాను, పుట్టీ ఇంకా ఆరాలి. గొడుగు వేలాడే మూలలో బేస్ చెక్కకు పాలిష్ వేశాక టిష్యూ సరిగా అతుక్కోవడం లేదు. ఆ అంచు వరకు పాలిష్‌ను గరుకు కాగితంతో గీకేయాలా, లేక కింద సన్నని రాగి తీగ పెట్టి గుడ్డను దాని మీద నిలపాలా?

తూరుపుకొండ:
తీగే మేలు. గుడ్డను చెక్కకు అతికిస్తే గాలి పోయిన గొడుగులా కాక తడిసిన బట్టలా కనిపిస్తుంది. రెండు తీగలు పెట్టి, వాటిని ముడతల కింద దాచండి.