అప్‌డేట్: అమ్మకు ఇంటి సహాయం మొదలైంది (మెల్‌బోర్న్, రిఫరల్ కోడ్ సంగతి)

మెల్‌బోర్న్‌లో మాతో ఉంటున్న 76 ఏళ్ల అమ్మకు మై ఏజ్డ్ కేర్ (వృద్ధుల సేవల కోసం ఆస్ట్రేలియా ప్రభుత్వం నడిపే విభాగం) అసెస్‌మెంట్ పూర్తయి, కామన్‌వెల్త్ హోమ్ సపోర్ట్ ప్రోగ్రామ్ (ఇంట్లో ఉండే వృద్ధులకు చిన్నచిన్న సహాయాలందించే ప్రభుత్వ పథకం) కింద సేవలు మంజూరైనట్లు ఉత్తరం వచ్చినా, ఆరు వారాలుగా ఎవరూ రావడం లేదేమని ఇక్కడ అడిగాను. విషయం కొలిక్కి వచ్చింది. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

చిక్కంతా ఆ ఉత్తరంలో ఉన్న, నేను ఫైలు నంబర్లనుకుని వదిలేసిన రిఫరల్ కోడ్‌లలో ఉంది. మంజూరైతే వాళ్లే వస్తారనుకోవడం నా పొరపాటు. ఆ కోడ్‌లతో మనమే ప్రొవైడర్లకు (సేవలందించే సంస్థలకు) ఫోన్ చేసి ఖాళీ ఉందేమో కనుక్కోవాలని ఒకరు చేసిన సూచనే పనిచేసింది. నలుగురు ఖాళీ లేదన్నారు, ఐదో ప్రొవైడర్ ఒప్పుకుని, ఇల్లు శుభ్రం చేయడానికి రెండు వారాలకోసారి మనిషిని పంపుతున్నారు. స్నానాల గదిలో పట్టుకమ్మీ బిగించే ముందు ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు భద్రంగా చేసుకునేలా సాయపడే నిపుణులు) వచ్చి, అమ్మ లేచేటప్పుడు గోడను ఎక్కడ ఆనుకుంటుందో చూసి, అక్కడే పెన్సిల్‌తో గుర్తు పెట్టారు. అది నేను అనుకున్న చోటికి జానెడు కింద ఉంది.

సెంట్రలింక్ (ప్రభుత్వ పింఛన్లు, భత్యాలు చూసే విభాగం) ఆదాయ పత్రాల కోసం నేను పడ్డ హైరానా అనవసరం. ఈ ప్రోగ్రామ్‌కు ఆదాయ పరీక్ష లేదు, ప్రొవైడర్ అడిగిన కొద్దిపాటి రుసుము కడితే చాలు. ఎన్‌డీఐఎస్ (వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ సహాయ పథకం) కూడా 65 దాటాక కొత్తగా చేరేవారికి వర్తించదు.

ప్రభుత్వ దుబాసీ సేవ నంబరు 131 450కు ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగమన్న సలహా మాత్రం ముందే పాటించాల్సింది. అసెస్‌మెంట్ రోజున అమ్మ మాటలను నేనే అనువదిస్తూ ఆమె మోకాళ్ల నొప్పిని తగ్గించి చెప్పానని, దుబాసీతో ఆమె స్వయంగా మాట్లాడినప్పుడే నాకు తెలిసింది.