జడ్జి కావాలంటే ఐదేళ్ల లా మేలా, డిగ్రీ చేశాక మూడేళ్లదా?

ఇంటర్ అమ్మాయి నాన్న:
మా అమ్మాయి ఇంటర్ అయిపోయింది. జూనియర్ సివిల్ జడ్జి అవుతానని పట్టుదలగా ఉంది. క్లాట్‌లో జాతీయ లా యూనివర్సిటీ సీటు వచ్చేలా ఉంది, కానీ ఫీజు లక్షల్లో. అప్పు చేయక తప్పదు. లాసెట్ ర్యాంకుతో దగ్గర్లోనే ఐదేళ్ల కోర్సు దొరుకుతుంది. బంధువులేమో ముందు డిగ్రీ చేయించి, తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివించమంటున్నారు. జడ్జి పోస్టుకు కాలేజీ పేరు చూస్తారా?

జిల్లా కోర్టు అడ్వకేట్:
చూడరండీ. బార్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కాలేజీ అయితే చాలు. అడ్వకేట్‌గా పేరు నమోదుకు (ఎన్‌రోల్‌మెంట్‌కు) ఐదేళ్లదైనా మూడేళ్లదైనా ఒకటే, రాత పరీక్షలో మార్కులు ఎవరికైనా మార్కులే.

మీరు లెక్కలో వేసుకోవలసింది ఇంకొకటుంది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు ముందు మూడేళ్లు అడ్వకేట్‌గా ప్రాక్టీస్ చేసి ఉండాలన్న నిబంధన ఒకటుంది. 2002లో ఎత్తేసిన ఆ నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20 తీర్పుతో మళ్లీ తెచ్చింది. అంటే ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా చేస్తే మొత్తం ఎనిమిదేళ్లు, డిగ్రీ దారిలో తొమ్మిదేళ్లు. ఆ చివరి మూడేళ్లు జూనియర్‌గా చేతికొచ్చేది చాలాచోట్ల దారి ఖర్చులకు కూడా సరిపోదు. లోన్ వాయిదాలు మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే. నెల తిరిగేసరికి ఈఎంఐ కట్టాల్సిన పిల్ల కోర్టులో నిలబడదు, జీతం వచ్చే కంపెనీకి వెళ్లిపోతుంది. అందుకే అప్పు లేకుండా చదివే చోట చేర్చండి. నా సలహా ఇదే.

లా యూనివర్సిటీ పాత విద్యార్థి:
ఇక్కడ నేను ఒప్పుకోను అన్నా. జడ్జిల దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలాన్ని కూడా ప్రాక్టీస్‌గా లెక్కించాలని ఆ తీర్పులోనే ఉంది. క్లర్క్‌షిప్ అంటే నెలనెలా డబ్బు వస్తుంది, తీర్పు ఎలా తయారవుతుందో దగ్గరుండి చూస్తాం. ఆ అవకాశాల గురించి మా క్యాంపస్‌లో మొదటి ఏడాది నుంచే తెలుస్తుంది. పైగా పదిహేడేళ్ల వయసులో జడ్జి అవుతానన్న అమ్మాయి ఇరవై రెండేళ్లకు వేరే దారి ఎంచుకుంటే? అప్పుడు మంచి కాలేజీ చదువు చేతిలో ఉంటుంది.

జిల్లా కోర్టు అడ్వకేట్:
క్లర్క్‌షిప్ మాట నిజమే తమ్ముడూ, నేను మర్చిపోయాను. కానీ ఆ పోస్టులు ఎన్ని ఉంటాయి? దొరికితే అదృష్టం, దాన్ని నమ్ముకుని అప్పు చేయలేం.

ఇంకోటి, జూనియర్ సివిల్ జడ్జి ముందుకు వచ్చేవి ప్రామిసరీ నోటు దావాలు, గట్టు తగాదాలు, ఇంజంక్షన్ పిటిషన్లు. సాక్షి తెలుగులో చెప్తాడు. ఆ మాట రికార్డులోకి ఎక్కేటప్పుడు అర్థం మారకూడదు. మన దగ్గర రాత పరీక్షలో తెలుగు, ఇంగ్లిష్ అనువాదం అడిగేది ఊరికే కాదు. ఈ పని కింది కోర్టులోనే వంటబడుతుంది.

డిగ్రీ తర్వాత లా చదివినామె:
నేను బీకామ్ చేసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరాను. వడ్డీ లెక్కలున్న దావాల్లో బీకామ్ ఇప్పటికీ పనికొస్తోంది. అమ్మాయికి లా మీద కాస్త అనుమానం ఉన్నా డిగ్రీ దారి మంచిదే. లేదు, గట్టిగా ఉంది అంటే ఏడాది ఎందుకు పోగొట్టుకోవాలి?

ఒక్కటి మాత్రం నా అనుభవంతో చెప్తున్నాను సర్. అటెండెన్స్ అడగని కాలేజీలో మాత్రం చేర్చకండి. నేను చదివింది అలాంటి చోటే. పరీక్షల ముందు గైడ్లు చదివి పాసయ్యాను. సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను మొదటిసారి తెరిచింది నల్లకోటు వేసుకున్నాకే. జడ్జి పరీక్షలో రెండుసార్లు రాత దగ్గరే ఆగిపోయాను. గైడు చదువు మొదటి వడపోత పరీక్ష (స్క్రీనింగ్) దాటిస్తుంది కానీ, రాతలో బయటపడిపోతుంది. ఆ బాధ మీ అమ్మాయికి వద్దు. కాలేజీకి వెళ్లి, క్లాసులు నిజంగా జరుగుతున్నాయో లేదో మీరే చూడండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అది ఎలా చెప్తున్నారో సీనియర్ విద్యార్థులను అడగండి.

లా యూనివర్సిటీ పాత విద్యార్థి:
మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. మా దగ్గర నాకు నచ్చింది కూడా అదే, చదవక తప్పదు. అప్పు విషయంలో ఒక మాట అండీ. స్కాలర్‌షిప్, ఫీజు రాయితీ ఉన్నాయేమో యూనివర్సిటీని అడగకుండా సీటు వదులుకోకండి.

ఇంటర్ అమ్మాయి నాన్న:
లాలో పీజీ, అదే ఎల్‌ఎల్‌ఎం కూడా కావాలా? కింద చేరితే జిల్లా జడ్జి అయ్యేసరికి రిటైర్మెంట్ వస్తుందని ఒకాయన భయపెట్టాడు.

జిల్లా కోర్టు అడ్వకేట్:
ఎల్‌ఎల్‌ఎం అక్కర్లేదు. రెండోదానికి కూడా దారి తెరుచుకుంది. ఏడేళ్లు అడ్వకేట్‌గా చేసినవాళ్లకే ఉన్న జిల్లా జడ్జి డైరెక్ట్ పోస్టులకు కింది కోర్టు జడ్జిలు కూడా పోటీ పడొచ్చని 2025 అక్టోబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ప్రాక్టీస్, సర్వీసు కలిపి ఏడేళ్లు ఉండాలి.

ఇంటర్ అమ్మాయి నాన్న:
స్కాలర్‌షిప్ గురించి రేపే కనుక్కుంటాను. అది రాకపోతే దగ్గర్లో క్లాసులు జరిగే కాలేజీయే. సీటు తీసుకునేలోపు అమ్మాయిని ఒకసారి కోర్టుకు తీసుకెళ్లాలని ఉంది. మమ్మల్ని లోపలికి రానిస్తారా సర్?

జిల్లా కోర్టు అడ్వకేట్:
ఓపెన్ కోర్టండీ, మామూలు కేసులు ఎవరైనా కూర్చుని వినొచ్చు. పదిన్నరకల్లా రండి. ఆ రోజు కేసులను వరసగా పిలవడం (కాల్‌వర్క్) అయ్యాక సాక్షుల విచారణ మొదలవుతుంది. వెనక బెంచీలో కూర్చుని క్రాస్ ఎగ్జామినేషన్ మొత్తం విననివ్వండి. ఫోన్లు ఆఫ్ చేసుకోండి.