ఆలివ్ ఫ్లౌండర్ పెంపకంలో పచ్చిచేపల మేతను నిషేధించాలా?

సాగరిక: దక్షిణ కొరియాలోని జెజు ద్వీపంలో ఒడ్డున కట్టిన తొట్లలో, బల్లపరుపు ఒంటి సముద్రచేప అయిన ఆలివ్ ఫ్లౌండర్‌ను పెంచే రైతులు చాలామంది, గడ్డకట్టించిన పచ్చిచేపలను మరపట్టి పొడిమేత కలిపి ముద్దగా చేసిన తడిమేతనే వాడుతున్నారు. దాన్ని నిషేధించి ఎండు మేత గుళికలను తప్పనిసరి చేయాలన్న వాదనపై మీ అభిప్రాయం ఏమిటి?

జలనిధి: నిషేధించాలి. సముద్రంలో ఎదగవలసిన చిన్నచేపలను పట్టి మరో చేపకు మేపడం సమర్థనీయం కాదు.

తీరరేఖ: నేను వ్యతిరేకిస్తాను. తడిమేత తిన్న చేప త్వరగా బరువుకు వస్తుందన్నది రైతుల అనుభవం.

మత్స్యవేది: నిషేధానికి నేనూ అనుకూలమే గాని, జలనిధి గారు చూపిన కారణం చాలదు. ఫ్లౌండర్ మాంసాహారి గనుక గుళికల్లోనూ చేపపొడే ప్రధానం. అదీ సముద్రం నుంచి తెచ్చినదే. అసలు చిక్కు తొట్టి అడుగున ఉంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల మామూలు చేపలాగే నిటారుగా ఈదుతుంది. కొన్ని వారాలకు కుడికన్ను నెత్తి మీదుగా ఎడమపక్కకు జరగగా, చేప అడుగుకు దిగి, కన్నులేని పక్కను నేలకు ఆనించి పడుకోవడానికి అలవాటు పడుతుంది. మేత పడినప్పుడు చివాలున లేచి అందుకుని మళ్లీ కిందికే చేరుతుంది. తడిమేత నీటిలో విడిపోయి, తినగా మిగిలిన తునకలు సరిగ్గా దాని ఒళ్లు ఆనే చోటే పేరుకుంటాయి. ఎడ్వర్డ్‌సియెల్లా, స్ట్రెప్టోకాకస్ వంటి బాక్టీరియా ఇప్పటికే పీడిస్తున్న తొట్లలో, ఉడకని చేపతో కొత్త సూక్ష్మజీవులను కూడా దించడం నాకు భయం కలిగిస్తోంది. గుళికలు తయారీలో వేడికి గురవుతాయి కనుక ఆ ముప్పు బాగా తగ్గుతుంది.

తీరరేఖ గారూ, ఎదుగుదలను పోల్చినప్పుడు ఏ తొట్టిలో ఆడవి ఎన్నో, మగవి ఎన్నో కూడా లెక్క చూడాలి. ఈ జాతిలో ఆడచేప మగదానికంటే పెద్దగా, వేగంగా పెరుగుతుంది; పైగా పిల్లదశలో నీటి వేడి ఎక్కువైతే జన్యురీత్యా ఆడవైనవి సైతం మగవిగా మారతాయి. ఆ తేడాను మేతకు అంటగట్టడం న్యాయం కాదు.

తీరరేఖ: అయితే ఒకే హేచరీ పిల్లలను ఒకే నీటిలో రెండు మేతలపై పెంచి చూపించాలి, అప్పుడే రైతు నమ్ముతాడు. గుళికల వల్ల అమ్మకం ఆలస్యమైతే, ఆ నష్టాన్ని ఎవరు భరించాలో నిషేధపు ఉత్తర్వులోనే రాయాలి.

మత్స్యవేది: ఆ రెండు షరతులూ సబబే. పరీక్షలో ఎదుగుదలతో పాటు చచ్చిన చేపల లెక్కనూ, బయటికి వదిలే నీటి నాణ్యతనూ చేర్చండి.