యూ-బూట్‌లో బోర్డుకు ఐపీ చిరునామా వస్తోంది, కెర్నల్ మాత్రం దిగడం లేదు

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఎంబెడెడ్ సిస్టమ్స్ ల్యాబ్ బాధ్యత చూస్తున్నాను. మా దగ్గర 14 బీగల్‌బోన్ బ్లాక్ బోర్డులు (ఒకే బోర్డుపై ఉండే చిన్న కంప్యూటర్లు) ఉన్నాయి. ఇన్నాళ్లూ ఒక్కొక్క బోర్డుకు ఒక్కొక్క మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టి లినక్స్ నడుపుతూ వచ్చాము. వేసవిలో ఇక్కడ కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది. విద్యార్థులు కార్డులోకి ఏదో రాస్తుండగానే బోర్డు ఆగిపోవడం వల్ల ఫైల్‌సిస్టమ్ పాడై, నెలకు మూడు నాలుగు కార్డులను మళ్లీ మొదటి నుంచి రాయవలసి వస్తోంది. అందుకని కార్డులు పూర్తిగా తీసేసి, బోర్డును మొదట లేపే ప్రోగ్రామైన యూ-బూట్‌ను మాత్రం బోర్డులోని సొంత మెమరీ అయిన ఈఎంఎంసీ నుంచి నడిపి, కెర్నల్‌ను (లినక్స్ ప్రధాన భాగం) టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్‌పై ఫైలు దించే సాదా పద్ధతి) ద్వారా, రూట్ ఫైల్‌సిస్టమ్‌ను (లినక్స్ ఫైళ్లన్నీ ఉండే చోటు) ఎన్‌ఎఫ్‌ఎస్ (వేరే కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌పై వాడుకునే పద్ధతి) ద్వారా ఇవ్వాలని అనుకున్నాను.

ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్‌లో టీఎఫ్‌టీపీ సర్వర్ పెట్టాను. దాని చిరునామా 192.168.1.50. ల్యాప్‌టాప్, బోర్డు రెండూ కళాశాల నెట్‌వర్క్ స్విచ్‌కే కలిపి ఉన్నాయి. యూ-బూట్ ప్రాంప్ట్ దగ్గర సర్వర్‌ఐపీ విలువగా ఆ చిరునామాను, బూట్‌ఫైల్ విలువగా కెర్నల్ ఫైలైన జెడ్‌ఇమేజ్ పేరును పెట్టి, నెట్‌వర్క్ నుంచి ఐపీ చిరునామా అడిగి తెచ్చుకునే డీహెచ్‌సీపీ ఆదేశం ఇచ్చాను. సీరియల్ కన్సోల్‌లో (సీరియల్ కేబుల్ ద్వారా కనిపించే బోర్డు సందేశాల తెర) వచ్చినదాన్ని తెలుగులో రాస్తున్నాను: బోర్డుకు 192.168.1.117 చిరునామా కుదిరింది. టీఎఫ్‌టీపీ సర్వర్ 192.168.1.1. ఫైలు పేరు జెడ్‌ఇమేజ్. లోడ్ చిరునామా 82000000. ఆ తర్వాత 'లోడింగ్' అని వచ్చి, దాని పక్కన 'టీ' అనే అక్షరం ఒకటి తర్వాత ఒకటి పడుతూ పోయింది, అంతకు మించి ఏమీ జరగలేదు.

అదే ఫైలును ల్యాబ్‌లోని మరో కంప్యూటర్ నుంచి అడిగితే చక్కగా వస్తోంది. ల్యాప్‌టాప్ నుంచి బోర్డు చిరునామాకు పింగ్ (అవతలి యంత్రం అందుతోందో లేదో చూసే సందేశం) పంపితే మాత్రం జవాబు లేదు. బోర్డులోని ఈథర్‌నెట్ చిప్ చెడిపోయిందా, లేక ఫైర్‌వాల్ అడ్డుపడుతోందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మూడు బోర్డులు మార్చి చూసినా ఇదే వరస.

మొదటి జవాబు (కర్నూలు నుంచి)

మేడమ్, మీ బోర్డులో గానీ కేబుల్‌లో గానీ లోపం లేదు. మీరు రాసిన వరుసల్లోనే జవాబు ఉంది. మీ ల్యాప్‌టాప్ చిరునామా చివర 50 అని ఉంటే, తెరపై టీఎఫ్‌టీపీ సర్వర్ అన్నచోట చివర 1 అని ఉంది. అంటే బోర్డు ఆ ఫైలును మీ ల్యాప్‌టాప్‌ను కాక కళాశాల రౌటర్‌ను అడుగుతోంది. అక్కడ టీఎఫ్‌టీపీ సర్వర్ లేదు కాబట్టి జవాబు రాదు. తెరపై పడే ఒక్కొక్క 'టీ' ఒక్కొక్క టైమౌట్‌కు గుర్తు. ఫైలు నిజంగా దిగుతుంటే 'టీ'కి బదులు హ్యాష్ గుర్తులు వరుసగా పడతాయి.

ముందే పెట్టిన సర్వర్‌ఐపీ ఎలా మారిందన్న సందేహం మీకు వస్తుంది. యూ-బూట్‌లో డీహెచ్‌సీపీ ఆదేశం చిరునామా తెచ్చుకోవడంతో ఆగదు, వెంటనే బూట్‌ఫైల్‌ను దించడానికి కూడా పూనుకుంటుంది. డీహెచ్‌సీపీ జవాబులో 'తర్వాతి సర్వర్' అనే గడి ఒకటి ఉంటుంది, చాలా రౌటర్లు అందులో తమ చిరునామానే నింపి పంపుతాయి. ఆ గడి ఖాళీగా లేనప్పుడు యూ-బూట్ మామూలుగా మీరు పెట్టిన విలువను వదిలేసి, వచ్చిన విలువనే తీసుకుంటుంది. యూ-బూట్‌ను మీరే బిల్డ్ చేసుకుంటున్నట్లయితే, మనం పెట్టిన సర్వర్‌ఐపీకే ప్రాధాన్యమిచ్చే కాన్ఫిగరేషన్ ఆప్షన్ కూడా ఉంది. ఇప్పటికి దాని అవసరం లేదు.

ముందుగా ఆటోలోడ్ అనే వేరియబుల్‌కు 'నో' అని పెట్టండి. అప్పుడు డీహెచ్‌సీపీ చిరునామా తెచ్చుకుని ఊరుకుంటుంది. సర్వర్‌ఐపీని దాని తర్వాతే పెట్టాలి, ముందు పెడితే మళ్లీ చెరిగిపోతుంది. ఆ తర్వాత టీఎఫ్‌టీపీ ఆదేశానికి 82000000 అనే చిరునామా, ఫైలు పేరు ఇవ్వండి. సర్వర్‌ఐపీని ముట్టుకోకుండా ఫైలు పేరుకు ముందే ల్యాప్‌టాప్ చిరునామా, కోలన్ గుర్తు పెట్టి రాసినా ఆ ఒక్క ఆదేశానికి అది పనిచేస్తుంది. ఇక్కడ ఒక విషయం గమనించండి: యూ-బూట్ ఇలాంటి ఆదేశాల్లోని చిరునామాలను హెక్సాడెసిమల్‌గానే చదువుతుంది, ముందు గుర్తు పెట్టకపోయినా సరే. ఈ బోర్డులో ర్యామ్ 80000000 దగ్గర మొదలై 512 మెగాబైట్లు ఉంటుంది కాబట్టి, కెర్నల్‌ను 82000000 దగ్గర, డివైస్ ట్రీని (బోర్డు హార్డ్‌వేర్ వివరాలు కెర్నల్‌కు చెప్పే ఫైలు) 88000000 దగ్గర దించితే ఒకదానిపై ఒకటి పడే భయం లేదు.

పింగ్ సంగతి. యూ-బూట్ ప్రాంప్ట్ దగ్గర ఊరికే ఉన్న బోర్డు ఎవరి పింగ్‌కూ బదులివ్వదు. ఏదైనా నెట్‌వర్క్ ఆదేశం నడుస్తున్నంతసేపే యూ-బూట్ ఈథర్‌నెట్‌ను లేపి ఉంచుతుంది, ఆదేశం ముగియగానే ఆపేస్తుంది. కాబట్టి పరీక్ష ఎప్పుడూ బోర్డు వైపు నుంచే జరగాలి. బోర్డు నుంచి ల్యాప్‌టాప్‌కు పింగ్ పంపి, హోస్ట్ 'అలైవ్' అని వచ్చిందో లేదో చూడండి. ఈ ఒక్క విషయం తెలియక మంచి బోర్డులను పక్కన పడేసినవారిని నేను చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అడిగినవారు

సార్, మీరు చెప్పిన వరుసలోనే చేశాను. హ్యాష్ గుర్తులు తెర నిండా పడ్డాయి, కెర్నల్ దిగింది, డివైస్ ట్రీ దిగింది. మూడు రోజులుగా ఆ 'సర్వర్' వరుసను చూస్తూనే ఉన్నాను గానీ చదవలేదు. చాలా కృతజ్ఞతలు.

దించిన కెర్నల్‌ను నడిపే బూట్‌జెడ్ ఆదేశంతో కెర్నల్ మొదలైంది కూడా. కానీ చివర ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా రూట్ మౌంట్ చేయలేకపోయానని చెప్పి, బ్రాకెట్లలో 0,255 అనే అంకెలు చూపించి, కెర్నల్ పానిక్‌తో (ఇక ముందుకు వెళ్లలేని లోపం) ఆగిపోతోంది. యూ-బూట్‌లో పనిచేసిన నెట్‌వర్క్ రెండు సెకన్లలో ఎలా పోయింది? బూట్ఆర్గ్స్‌లో (యూ-బూట్ కెర్నల్‌కు అందించే సూచనలు) రూట్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్‌గా, ఎన్‌ఎఫ్‌ఎస్‌రూట్‌గా ల్యాప్‌టాప్ చిరునామాను, ఫోల్డర్ దారిని, ఐపీ విలువగా డీహెచ్‌సీపీని ఇచ్చాను. ఇంకొక మాట: 14 బోర్డులకూ చేయాలి కాబట్టి, ల్యాప్‌టాప్‌లోనే డీఎన్‌ఎస్‌మాస్క్ (డీహెచ్‌సీపీ సర్వర్‌గా పనిచేసే ప్రోగ్రాం) పెట్టి చిరునామాలు నేనే ఇద్దామనుకుంటున్నాను.

రెండో జవాబు (కడప నుంచి)

అమ్మా, ముందు మీ చివరి మాట గురించి చెప్పాలి, అది ఆగే విషయం కాదు. కళాశాల నెట్‌వర్క్‌పై మీ సొంత డీహెచ్‌సీపీ సర్వర్‌ను దయచేసి నడపకండి. ఒకే నెట్‌వర్క్‌లో రెండు డీహెచ్‌సీపీ సర్వర్లు ఉంటే, ఎవరి జవాబు ముందు చేరితే వారి చిరునామానే ప్రతి కంప్యూటరూ తీసుకుంటుంది. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒకచోట రెండు బోర్డుల కోసం ఇలాగే పెట్టాను. ఆ అంతస్తులోని కంప్యూటర్లన్నీ నా ల్యాప్‌టాప్ ఇచ్చిన చిరునామాలు పట్టుకుని ఇంటర్నెట్ కోల్పోయాయి, కారణం దొరికేసరికి పూట గడిచిపోయింది. మీరు 16 పోర్టుల చిన్న స్విచ్ ఒకటి విడిగా తీసుకోండి. 14 బోర్డులూ ల్యాప్‌టాప్ కేబుల్ పోర్టూ దానికే కలపండి. ఆ పోర్టుకు 192.168.10.1 అని చేత్తో చిరునామా పెట్టి, డీఎన్‌ఎస్‌మాస్క్‌ను ఆ ఒక్క పోర్టుకే కట్టేయండి, ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ వైఫై నుంచి వస్తుంది. అప్పుడు 'తర్వాతి సర్వర్' గడిలో మీ ల్యాప్‌టాప్ చిరునామాయే వెళుతుంది కనుక, పై జవాబులోని సర్వర్‌ఐపీ చిక్కు కూడా ఉండదు. ఒక్క బోర్డుతో పరీక్షించేటప్పుడు సైతం కేబుల్‌ను ల్యాప్‌టాప్‌కు నేరుగా కాక స్విచ్ ద్వారానే కలపండి. నేరుగా కలిపితే యూ-బూట్ ఈథర్‌నెట్‌ను లేపిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ లింకు పడి లేస్తుంది, ఆ క్షణంలో ల్యాప్‌టాప్ తన చిరునామాను వదిలేసి మళ్లీ పెట్టుకోవడానికి సమయం తీసుకుంటుంది.

ఇక పానిక్ విషయం. యూ-బూట్‌లోని నెట్‌వర్క్ వేరు, కెర్నల్‌లోని నెట్‌వర్క్ వేరు. కెర్నల్ మొదలైన క్షణం నుంచి యూ-బూట్ డ్రైవర్ గానీ, అది తెచ్చుకున్న చిరునామా గానీ మిగలవు. కెర్నల్ తన సొంత డ్రైవర్‌తో చిప్‌ను లేపి, మళ్లీ తానే చిరునామా అడిగి, అప్పుడు ఎన్‌ఎఫ్‌ఎస్‌కు వెళుతుంది. మీ పానిక్‌లోని 0,255 అనే జంట ఎన్‌ఎఫ్‌ఎస్ రూట్‌కు కెర్నల్ వాడే గుర్తు, కాబట్టి మీ బూట్ఆర్గ్స్ సరిగానే అందాయి. ఇప్పుడు పానిక్‌ను వదిలి, దానికి పైన ఉన్న వరుసలను చదవండి. 'ఐపీ-కాన్ఫిగ్ కంప్లీట్' అన్న వరుస ఉన్నదా?

అది లేకపోతే తప్పు కెర్నల్ బిల్డ్‌లో ఉంది. ఈ బోర్డు ఈథర్‌నెట్ డ్రైవర్ అయిన సీపీఎస్‌డబ్ల్యూ, కెర్నల్ స్థాయిలో ఐపీ కాన్ఫిగరేషన్, ఎన్‌ఎఫ్‌ఎస్‌పై రూట్, ఈ మూడూ కెర్నల్ లోపలే ఉండాలి. డ్రైవర్ మాడ్యూల్‌గా (కెర్నల్ తర్వాత చేర్చుకునే విడి ఫైలు) ఉంటే, ఆ మాడ్యూల్ ఉన్న ఫోల్డర్ ఎన్‌ఎఫ్‌ఎస్ వెనుక ఉంటుంది, ఎన్‌ఎఫ్‌ఎస్‌ను అందుకోవాలంటే ఆ మాడ్యూలే కావాలి. తాళం చెవి పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు అవుతుంది. లినక్స్ పంపిణీలతో వచ్చే సిద్ధ కెర్నళ్లు ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌పై (అసలు రూట్ అందేదాకా ర్యామ్‌లో ఉండే చిన్న ఫైల్‌సిస్టమ్) ఆధారపడతాయి గనుక వాటిలో తరచుగా ఇలాగే ఉంటుంది. ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌ను కూడా టీఎఫ్‌టీపీతో దించే దారి ఉంది, కానీ బూట్‌జెడ్‌కు దాని పరిమాణం కూడా చెప్పాలి. ఆ పరిమాణం ఫైల్‌సైజ్ అనే వేరియబుల్‌లో ఉంటుంది, ప్రతి కొత్త ఫైలూ దాన్ని చెరిపేస్తుంది కాబట్టి ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌ను అన్నిటికంటే చివర దించాలి.

ఆ వరుస ఉండి కూడా పానిక్ వస్తే, తప్పు ల్యాప్‌టాప్ వైపు ఉన్నట్టు. ఎన్‌ఎఫ్‌ఎస్‌రూట్ చివర వెర్షన్ 3 అని స్పష్టంగా రాయండి, పాత వెర్షన్ 2ను ఇప్పటి సర్వర్లు ఒప్పుకోవు. సర్వర్ ఏ ఫోల్డర్లను ఎవరికి పంచాలో రాసే ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో నో-రూట్-స్క్వాష్ తప్పనిసరి, లేకపోతే బోర్డులోని రూట్ యూజర్‌ను (అన్ని అధికారాలూ ఉన్న వాడుకరి) సర్వర్ పరాయివాడిగా చూసి అనుమతులు నిరాకరిస్తుంది. మార్పు చేశాక ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ ఆదేశం మళ్లీ ఇవ్వడం మరచిపోకండి.

14 బోర్డులకు ఒకే ఫోల్డర్‌ను రాసే అనుమతితో ఇవ్వకూడదు, ఒక విద్యార్థి మార్చిన ఫైలు అందరికీ మారిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌రూట్ దారిలో శాతం గుర్తు, దాని పక్కన చిన్న ఎస్ అక్షరం రాస్తే, కెర్నల్ అక్కడ బోర్డు ఐపీ చిరునామాను నింపుకుంటుంది. డీఎన్‌ఎస్‌మాస్క్‌లో ఒక్కొక్క మ్యాక్ చిరునామాకు (బోర్డు నెట్‌వర్క్ పోర్టు సొంత గుర్తింపు సంఖ్య) ఒక్కొక్క ఐపీ ఖాయం చేసి, ఆ ఐపీల పేర్లతోనే ఫోల్డర్లు పెడితే, బూట్ఆర్గ్స్ అన్ని బోర్డులకూ ఒక్కటే సరిపోతుంది.

అడిగినవారు

అమ్మా అని పిలిచి ఇంత ఓపికగా చెప్పినందుకు నమస్కారాలు. 'ఐపీ-కాన్ఫిగ్' వరుస నిజంగానే లేదు. డ్రైవర్ మాడ్యూల్‌గా ఉంది. దాన్ని కెర్నల్ లోపలికి తెచ్చి బిల్డ్ చేసిన తర్వాత మొదటి ప్రయత్నంలోనే లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది. విడి స్విచ్ పెట్టి, 14 ఫోల్డర్లు చేశాను. స్విచ్‌ను ల్యాబ్ యూపీఎస్‌కు కలిపాను, ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఎలాగూ ఉంది.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి పది నిమిషాలకు వచ్చింది. 13 బోర్డులు ఎవరూ ముట్టుకోకుండానే తిరిగి లేచాయి. ఒక్కటి మాత్రం యూ-బూట్ ప్రాంప్ట్ దగ్గరే నిలిచిపోయింది. సీరియల్ కేబుల్ తగిలించి ఉన్నది ఆ ఒక్క బోర్డుకే. కేబుల్ తీసి మళ్లీ కరెంటు ఇస్తే మామూలుగా లేచింది. ఇంకో సందేహం: ల్యాప్‌టాప్ ఆన్‌లో లేని రోజున బోర్డు ఈఎంఎంసీలోని పాత లినక్స్‌తోనైనా లేవాలంటే బూట్‌కమాండ్ (యూ-బూట్ తనంతట తాను నడిపే ఆదేశాల వరుస) ఎలా రాయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు (కర్నూలు)

రెండో చివర సరిగా కలపని సీరియల్ కేబుల్‌పై పడే చిన్న అలజడిని కూడా యూ-బూట్ ఎవరో మీట నొక్కినట్టుగా తీసుకుని ఆగుతుంది మేడమ్. బూట్‌కు ముందు యూ-బూట్ మీట కోసం ఎదురుచూసే సమయమైన బూట్‌డిలే విలువను మైనస్ 2 చేస్తే ఏ మీటనూ పట్టించుకోకుండా బూట్ అవుతుంది. కానీ అప్పుడు బూట్‌కమాండ్‌లో తప్పు దొర్లితే ప్రాంప్ట్‌కు చేరే దారి మీకూ ఉండదు. దానికంటే యూ-బూట్ బిల్డ్‌లో ఆటోబూట్‌ను ఒక ఖాయమైన పదం టైపు చేస్తేనే ఆగేలా పెట్టుకోవడం మంచిది. అంతవరకు వాడని కేబుల్‌ను బోర్డు నుంచి తీసి పెట్టండి.

బూట్‌కమాండ్‌కు నెట్‌వర్క్ నుంచి బూట్ చేసే వేరియబుల్‌ను ముందు, ఈఎంఎంసీ నుంచి చేసేదాన్ని తర్వాత, మధ్యలో సెమీకోలన్ పెట్టి రాయండి. నెట్‌రీట్రై విలువను 'నో' చేయడం ముఖ్యం, లేకపోతే యూ-బూట్ సర్వర్ కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ రెండోదానికి రాదు. విలువ మొత్తాన్ని సింగిల్ కోట్ల మధ్య ఉంచండి, అప్పుడే లోపలి వేరియబుళ్లు ఇప్పుడు కాకుండా బూట్ సమయంలో విచ్చుకుంటాయి. ముందుగా ఆ రెండు వేరియబుళ్లనూ 'రన్'తో విడివిడిగా నడిపి చూసి, ల్యాప్‌టాప్ కేబుల్ పీకేసి మరోసారి చూసి, రెండూ కుదిరాకే సేవ్‌ఎన్వ్ ఆదేశంతో ఆ విలువలను బోర్డులో భద్రపరచండి. ముందు ఒక్క బోర్డులో చేసి ఒక వారం నడవనివ్వండి, మిగతా 13 బోర్డులు ఆ తర్వాత.