మిద్దెతోటకు వచ్చే తూనీగలను పేరుపెట్టి గుర్తించడం ఎలా? మీ అనుభవాలు తెలపండి

కలువతొట్టి (హైదరాబాద్)

మా మిద్దెపైన కలువల కోసం పెట్టుకున్న సిమెంటు తొట్ల చుట్టూ వానలు మొదలైనప్పటి నుంచి రకరకాల తూనీగలు తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి నిండు ఎరుపు రంగుది, ఒకటి పిట్టగోడకు అతుక్కున్నట్టు కూర్చునే బూడిద రంగుది, మరొకటి నీటిమీది ఆకులను వదలని సన్నని పసుపుపచ్చది. ఫోటో తీసి రంగును బట్టి వెతికితే ఒకే పురుగుకు మూడు పేర్లు వస్తున్నాయి. అనుభవం ఉన్నవారు దేనిని ముందుగా చూస్తారో దయచేసి వివరించండి.

గోదారిగట్టు

రంగును చివరికి వదిలిపెట్టండి. తూనీగల్లోని రెండు ప్రధాన రకాలలో అది డ్రాగన్‌ఫ్లైయా, డామ్సెల్‌ఫ్లైయా అన్నది ముందు తేల్చుకోవాలి. డ్రాగన్‌ఫ్లై వాలినప్పుడు రెక్కలను చాచి ఉంచుతుంది, దాని వెనుక రెక్కలు మొదట్లో ముందు రెక్కలకంటే వెడల్పుగా ఉంటాయి. డామ్సెల్‌ఫ్లైకి నాలుగు రెక్కలూ ఇంచుమించు ఒకే ఆకారంలో ఉంటాయి, వాలగానే వాటిని వీపుమీదికి మడుచుకుంటుంది. అయితే లెస్టిస్ జాతి డామ్సెల్‌ఫ్లైలు వాలినప్పుడు కూడా రెక్కలను సగం తెరిచే ఉంచుతాయి కనుక, రెక్కల తీరుతోపాటు కళ్లను కూడా చూడాలి. డామ్సెల్‌ఫ్లై కళ్లు తలకు రెండు చివర్లలో, మధ్యలో ఇంకొక కన్ను పట్టేంత ఎడంగా ఉంటాయి. తోటలకు వచ్చే డ్రాగన్‌ఫ్లైలలో చాలావాటికి అవి నడినెత్తిన కలుసుకుంటాయి. చెరువుగట్టున ఎండుకొమ్మ చివర కూర్చునే క్లబ్‌టెయిల్ తూనీగలకు మాత్రం, డ్రాగన్‌ఫ్లైలే అయినా, కళ్లు కలవవు.

రాతిగోడ (వరంగల్)

కలువతొట్టి గారు చెప్పిన బూడిద రంగు తూనీగ గ్రానైట్ ఘోస్ట్ అయి ఉంటుంది. దాని శాస్త్రీయనామం బ్రాడినోపైగా జెమినేటా. నాకు అన్నిటిలోకీ ఇష్టమైన తూనీగ ఇదే. ఒంటినిండా నలుపు, తెలుపు, బూడిద రంగు మరకలు కలగలిసి ఉండడం వల్ల రాతిమీద గానీ పాత సిమెంటుమీద గానీ వాలిందంటే, కదిలేవరకు మన కంటికి ఆనదు. రెక్కలను గోడకు ఆనించి పూర్తిగా పరుచుకుంటుంది. దగ్గరికి వెళ్లి రెక్కల కొసలను చూస్తే, అక్కడ ఉండే చిన్న మచ్చలో నలుపు, తెలుపు రెండూ కనిపిస్తాయి. సిమెంటు తొట్లలోనూ నీళ్ల ట్యాంకుల్లోనూ గుడ్లు పెట్టే అలవాటు ఉన్నది కనుక, అది మీ తొట్టిలోనే పుట్టి ఉండవచ్చు కూడా.

పొలంబాట (తణుకు)

ఎర్రవాటి విషయంలో ఓపిక కావాలి. ఒళ్లంతా రక్తవర్ణంలో ఉండి, పొట్టభాగం వెన్నుపొడవునా సన్నని నల్లగీత ఉంటే అది స్కార్లెట్ స్కిమ్మర్ మగది. గులాబీ, ఊదా కలిసిన ఎరుపుతో పాటు రెక్కల ఈనెలు కూడా ఎర్రగా ఉంటే క్రిమ్సన్ మార్ష్ గ్లైడర్ మగది. రెక్కలే నారింజ రంగులో ఉంటే డిచ్ జ్యువెల్. మురుగుకాలువల దగ్గర కూడా బతకగలదు కాబట్టి పట్టణాల్లో ఇది బాగా కనిపిస్తుంది. వీటి ఆడవి పసుపు, గోధుమ రంగుల్లో ఉంటాయి, అప్పుడే రెక్కలొచ్చిన మగవి కూడా ఆడవాటినే పోలి ఉంటాయి.

గ్రౌండ్ స్కిమ్మర్‌ను తీసుకోండి. నేలమీదనే వాలే ఈ చిన్న తూనీగ మగది వయసులో ఉన్నప్పుడు నల్లచారలతో పచ్చగా ఉండి, ముదిరాక నీలిబూడిద రంగుకు తిరుగుతుంది. నేలమీద వాలే అలవాటు మాత్రం రెండు దశల్లోనూ మారదు. అందుకే నేను రంగుకంటే ముందు అది వాలిన చోటును రాసుకుంటాను.

కలువతొట్టి (హైదరాబాద్)

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. సాయంత్రంపూట గుంపుగా ఎగురుతూ ఎంతసేపటికీ వాలని బంగారు రంగువి ఏమిటి?

గోదారిగట్టు

అవి వాండరింగ్ గ్లైడర్లు, అంటే పాంటాలా ఫ్లావెసెన్స్. నైరుతి రుతుపవనాలతో పాటు మన దగ్గర గుంపులుగా కనిపిస్తాయి. వాలినప్పుడు మిగతావాటిలా అడ్డంగా కూర్చోకుండా కొమ్మకు నిలువుగా వేలాడతాయి. వాననీటి మడుగుల్లో గుడ్లు పెడతాయి, మడుగు ఎండేలోపే కొన్ని వారాలలో పిల్లలు ఎదిగి ఎగిరిపోతాయి. ఇవి భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వలస వెళ్తాయని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో ప్రతిపాదించారు. మన డాబా మీద కాసేపు తిరిగి వెళ్లే ఈ చిన్న ప్రాణి అంత దూరం పోతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రాతిగోడ (వరంగల్)

పసుపుపచ్చ డామ్సెల్‌ఫ్లై గురించి ఎవరూ రాయలేదు. పొట్టభాగం మచ్చలేని పసుపు, రెక్కలు పుట్టేచోట ఆలివ్ ఆకుపచ్చ ఉంటే అది కోరమాండల్ మార్ష్ డార్ట్ మగది. కోరమాండల్ తీరం పేరునే ఫాబ్రిషియస్ అనే కీటక శాస్త్రవేత్త 1798లో దీనికి పెట్టారు. ఆడది వెలిసిన రంగులో ఉండడం వల్ల దానిని విడిగా పోల్చుకోవడం కష్టం. జతగా ఉన్నప్పుడు చూస్తే సందేహం తీరుతుంది. ఆడది కలువకాడలో గుడ్లు పెడుతున్నంతసేపూ మగది దాని మెడ వెనుక భాగాన్ని తోకకొసతో పట్టుకుని నిటారుగా నిలబడుతుంది. ఫోటో తీసేటప్పుడు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తోకకొస స్పష్టంగా కనిపించేలా ఇంకొకటి తీయండి. సెనెగల్ గోల్డెన్ డార్ట్‌లెట్ మగదానికి తోక చివరి భాగాన ఉండే నీలిపట్టీ లాంటి గుర్తులు అప్పుడే దొరుకుతాయి.

పొలంబాట (తణుకు)

తొట్టిలో దోమల కోసం గప్పీ చేపలు వదిలి ఉంటే, అవి తూనీగ పిల్లలను కూడా తినేస్తాయి. వీలైతే ఒక తొట్టిని చేపలు లేకుండా ఉంచండి, దోమపిల్లలను తూనీగ పిల్లలు కూడా తింటాయి. తూనీగ పిల్లలు రెక్కలొచ్చేటప్పుడు విడిచిన ఖాళీ పొట్టులు ఆ తొట్టిలోని కాడలకు అంటుకుని ఉంటాయి, ఉదయాన్నే వాటిని వెతకండి. పొట్టు సన్నగా ఉండి, చివర ఆకుల్లాంటి మూడు మొప్పలు గానీ వాటి ఆనవాళ్లు గానీ ఉంటే డామ్సెల్‌ఫ్లైది. బలంగా, పొట్టిగా ఉండి చివర కురచ ముళ్లు మాత్రమే ఉంటే డ్రాగన్‌ఫ్లైది. మీ తొట్టిలో నిజంగా ఏవి పుడుతున్నాయో, ఏవి బయటినుంచి వచ్చి పోతున్నాయో వాటినిబట్టి తెలుస్తుంది. పొట్టు దొరికితే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, అందరం కలిసి చూద్దాం.