పులస రుచి నాలుకదా, ధరదా?

లంక_మాస్టారు: కళ్లు మూసుకుని తింటే పులసకీ విలసకీ తేడా తెలుస్తుందా అని ఇక్కడ ఒకరు అడిగారు. సముద్రంలో ఉన్నంతసేపూ విలస, ఎర్రనీటికి ఎదురీది గోదాట్లోకొస్తే పులస. జాతి ఒకటే కాబట్టి ముళ్లు పట్టివ్వవు. తేల్చాలంటే ట్రయాంగిల్ టెస్ట్ పెట్టాలి. మూడు గిన్నెల్లో రెండింట ఒకటే చేప, మూడోదాంట్లో రెండోది. వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది. అందుకే 12 మందిలో 8 మంది సరిగ్గా చెబితేనే లెక్క, ఏడుగురు చాలరు.

కోటిపల్లి_రేవు: పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ పరీక్ష పెట్టమన్లేదండి.

వెన్నముద్ద: పులుసులోనా, ఉత్త ముక్కా?

లంక_మాస్టారు: ఉప్పు రాసి ఆవిరి మీద ఉడికించడమే. చింతపండు, కారం, ఆవకాయ నూనె పడ్డాక చేప వాసన అడుగున పడిపోతుంది. పొట్ట ముక్కకి పొట్ట ముక్కే పెట్టాలి, వీపు ముక్క కలిస్తే కొవ్వు తేడాకే దొరికిపోతారు. జన (గుడ్లు) ఉన్నదానికి జన ఉన్నదే. మూడూ ఒకే వేడి మీద ఉండాలి. చల్లారితే నోట్లో మరోలా తగులుతుంది. రెండు గిన్నెల్లో పెట్టే చేపని కూడా మారిస్తే గిన్నెల వరస ఆరు రకాలుగా మారుతుంది, ఒక్కో వరస ఇద్దరికి. మధ్యలో నీళ్లు, చప్పిడి అన్నం. తర్వాత ముక్కు మూసుకుని ఇంకోసారి. నమిలేటప్పుడు గొంతు వెనకనుంచి ముక్కుకెక్కే వాసననే మనం చాలామటుకు రుచి అంటాం. ముక్కు మూస్తే తేడా మాయమైతే అది వాసనదే.

వెన్నముద్ద: పులుసు లేకపోతే అది పరీక్షే కాదండి. మట్టి దాక, సన్న సెగ, బెండకాయలు. తినేది మర్నాడు.

గౌతమి_పాయ: ఆయ్, అదే నేననేది. 2008లో కాలిఫోర్నియాలో ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లదని, ఒకసారి 90 డాలర్లదని చెప్పి తాగించారు. 90 అన్నప్పుడు ఎక్కువ నచ్చింది. మెదడులో ఇష్టాన్ని తూచే భాగం కూడా ఎక్కువ పనిచేసింది. అంటే నచ్చడం నిజమే కదండీ? పులసని తెలిసి తినడం కూడా రుచిలో భాగమే.

లంక_మాస్టారు: అదే ప్రయోగంలో రుచి కబురు ముందుగా చేరే చోట్ల మార్పు కనబడలేదు. దాన్నీ చెప్పండి మరి. నచ్చిందా అనేది మీ ప్రశ్న, తెలిసిందా అనేది నాది.

వెన్నముద్ద: పులుసులో పెడితే రెండూ తేలతాయి.

కోటిపల్లి_రేవు: ఐసులో ఒడిశా నుంచొచ్చిన చేపని పులసని అంటగట్టారండి మాకు. డబ్బులిచ్చాం కాబట్టి బాగుందనుకుని తిన్నాం!

లంక_మాస్టారు: చూశారా గౌతమి గారూ. ధరే వడ్డించింది.

గౌతమి_పాయ: వెటకారాలొద్దండి. తేడా లేదని మీరు రాసిపడేస్తే రేపు వరదలో పడవేసుకెళ్లినోడి చేపకి విలస రేటే కడతారు. మీ ముక్కు పరీక్షకి వాడి కూలి పోవాలా?

లంక_మాస్టారు: తేడా తేలితే ఆ ఐసు చేపగాణ్ణి నిలదీయొచ్చు కదండీ.

గౌతమి_పాయ: తేలకపోతే?

లంక_మాస్టారు: ఎనిమిది రానంతమాత్రాన తేడా లేదని కాదు, ఆ 12 మందికి అందలేదని. 24 మందితో మళ్లీ పెట్టాలి, అప్పుడు 13 మంది చెప్పాలి.

వెన్నముద్ద: అంతమందికి పులస ఎవరు కొంటారండి బాబూ?