లోడుతో కెరటం దాటలేకపోతున్నాం, ప్రొపెల్లర్ మార్చాలా?

ప్రశ్న (ఉప్పాడ):
అన్నలందరికీ నమస్కారం. మాది 24 అడుగుల ఫైబర్ బోటు, 9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్. ప్రొపెల్లర్ మీద 9¼ × 9¾ అని ఉంది, ఇంజినుతో వచ్చిందే. ఖాళీగా వెళ్తే బాగానే పరిగెడుతుంది. నలుగురం ఎక్కి, వలలు, ఐసు పెట్టె వేసుకుంటే నీరసపడిపోతుంది. పోయిన వారం ఒడ్డు దగ్గర కెరటం లేస్తుంటే థ్రాటిల్ మొత్తం తిప్పాను. గట్టిగా అరవాల్సిన ఇంజిను గొంతు పట్టేసినట్టు మూలిగింది. బోటు అడ్డం తిరగబోతే మా నాన్న తెడ్డు వేసి నిలబెట్టాడు. ఆ రాత్రంతా టెన్షనే. ఇంకా పెద్ద పిచ్ వేస్తే స్పీడు వస్తుందని షాపులో అన్నారు. నిజమేనా? ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యేలోపు తేల్చుకోవాలి.

జవాబు (కాకినాడ, మెకానిక్):
తమ్ముడూ, పెద్ద పిచ్ వేయొద్దు. 9¼ వ్యాసం, 9¾ పిచ్. అంటే నీళ్ళలో జారుడు లేకపోతే ఒక్క చుట్టుకి బోటు 9¾ అంగుళాలు ముందుకెళ్తుంది. లోడు మీద పిచ్ పెంచడమంటే నిండు లారీని ఘాట్ రోడ్డు మీద టాప్ గేరులో ఎక్కించడమే. ఇంజిను తన ఆర్‌పీఎం (నిమిషానికి తిరగాల్సిన చుట్లు) అందుకోలేదు, వేడెక్కుతుంది, మసి పడుతుంది.

ముందు కొలువు. స్పార్క్ ప్లగ్ వైరుకి చుట్టే, ఆర్‌పీఎం చూపించే చిన్న టాకోమీటర్లు దొరుకుతాయి. పూర్తి లోడుతో, ఫుల్ థ్రాటిల్‌లో ఎంత చూపిస్తుందో రాసుకో. ఇంజిను పుస్తకంలో ఉన్న రేంజ్‌తో పోల్చు. పిచ్ ఒక అంగుళం తగ్గితే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది.

జవాబు (భీమిలి):
కొత్తది కొనేముందు పాతదాన్ని చేత్తో తడిమి చూడండి. మనం ఇసుక మీదకే బోటు తెస్తాం కాబట్టి అల్యూమినియం రెక్కల అంచులు అరిగి వంకర పోతాయి. బోటు అడుగున గుల్లలు పట్టినా ఇలాగే లాగదు. ఇంకో సంగతి, ఇంజిను అరుస్తూనే ఉండి బోటు కదలకపోతే అది పిచ్ సమస్య కాదు, ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బుష్ జారిపోయినట్టు.

ప్రశ్న అడిగినవాడినే:
పుస్తకంలో 5,000 నుంచి 6,000 అని ఉంది. లోడుతో నాకు వచ్చింది 4,700. నాన్నా నేనూ పొద్దంతా కూర్చుని అడుగున గుల్లలు గీకాం, 4,800 అయింది. తర్వాత మా బావ దగ్గర 9¼ × 8 తెచ్చి వేస్తే 5,100! ఇవాళ తెల్లవారుజామున అదే లోడుతో కెరటం మీదకి బోటు ముక్కు ఎత్తుకుని ఎక్కింది, నాన్న తెడ్డు ముట్టుకోలేదు. ఖాళీగా ఎంత దాటకూడదు అన్నా?

జవాబు (కాకినాడ, మెకానిక్):
6,000 దాటనివ్వకు. ఖాళీగా వెళ్ళినప్పుడు థ్రాటిల్ కాస్త తగ్గించి పట్టుకో. పాత 9¾ పారేయకు, ప్రొపెల్లర్ నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్నులు రెండు కలిపి బోటులోనే ఉంచుకో.